భుజం మార్చని దూరం

18 జనవరి 1949, మంగళవారం. చిత్తూరు.

ఈ రోజు కూడా ఎనిమిదిన్నర దాటాక దక్షిణం పక్కగా విమానం పోయింది. మద్రాసు నుంచి బెంగుళూరికి. బడికి బయల్దేరినవాణ్ణి వీధి మధ్యలోనే నిలబడిపోయాను. చప్పుడు మన చెవిన పడేసరికి అది మైళ్ల ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. చప్పుడు వచ్చిన చోట వెతికితే ఆకాశం ఖాళీగా ఉంటుంది, ఇంకా పడమరకు చూస్తే చీమంత మెరుపు. పదేండ్లుగా లెక్కలు, భూగోళం చెప్పే మనిషిని, నోరు తెరుచుకుని చూశాను. ఎదురింటి దేవకమ్మ నన్ను చూసి నవ్వింది. నవ్వనీ.

మధ్యాహ్నం బడిలో గోడపటం మీద దారం పెట్టి కొలిచాను. మద్రాసు నుంచి బెంగుళూరికి మూడంగుళాలన్నర, ఇంకొంచెం. అంగుళానికి యాభై మైళ్లు. అంటే నూట ఎనభై మైళ్లు. రైలుకైతే రెండు వందలు దాటుతుంది, ఒక రాత్రంతా పడుతుంది. విమానానికి గంటా పదిహేను నిమిషాలని పేపర్లో వేశారు. పిల్లలు బువ్వ తిని వచ్చేసరికి ఇంకా దారం పట్టుకునే ఉన్నాను.

నాయన అరుగు మీద కూర్చుని ఉన్నా తల ఎత్తి చూడలేదు. ఆయన ఎప్పుడూ నేలనే చూస్తాడు. అలిపిరి నుంచి కొండకు ముప్పై ఏండ్లకు పైగా డోలీ మోసిన మనిషి. ఘాట్ రోడ్డు పడి బస్సులు ఎక్కడం మొదలయ్యాక డోలీకి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అమ్మ పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. డోలీ బొంగు కూడా తెచ్చుకున్నాడు. అది వసారాలో గోడకు ఆనించి ఉంది, వచ్చిన ప్రతివాడూ అదేమిటని అడుగుతాడు. దండెం కర్ర అని చెబుతాను.

21 జనవరి, శుక్రవారం.

బడికి నా పేర జాబు వచ్చింది. కవరు మీద ఇంత పెద్ద అక్షరాలతో: "డోలీ మునెయ్యగారి కొడుకు తిరుమలయ్య, లెక్కల అయ్యవారు, చిత్తూరు." హెడ్మాస్టరు ఆదిమూలం గారు స్వయంగా తెచ్చి నా చేతికిచ్చారు. చిరునామా మీద ఒకసారి కళ్లు వేసి వెళ్లిపోయారు. నేను ఉద్యోగంలో చేరిన రోజు మా నాయన దేవస్థానంలో పని చేసేవారని చెప్పాను. అది అబద్ధం కాదు. దేవస్థానానికి పోయే మెట్ల మీదే కదా పని చేసింది.

జాబు రాసింది బెంగుళూరు శకుంతలమ్మ గారు. అక్కడ చీరల వ్యాపారం చేసే పెద్ద కుటుంబం. పిల్లలు బతకకపోతే మొక్కుకుని, పుట్టిన బిడ్డ నిలిచాక ఏటా కొండకు వచ్చేది. భారీ మనిషి. ఎవరు డోలీ ఎత్తినా ముందు భుజం మునెయ్యదే ఉండాలి అనేది. ఇరవై ఏడు సార్లు నాయన మోశాడు.

ఆమె ఇప్పుడు ఇంకో మొక్కు మొక్కుకుందట. తనను అన్నిసార్లు మోసిన మునెయ్యను తాను ఒక్కసారి మోయించాలని. డోలీలో కాదు, విమానంలో. ఫిబ్రవరి పన్నెండున మద్రాసు నుంచి బెంగుళూరికి మూడు టిక్కెట్లు. ఆమెకు, నాయనకు, తోడుగా నాకు.

మూడుసార్లు చదివాను. కవరు మడిచి చొక్కా జేబులో కుక్కాను. కవరు మీద అలా రాసినందుకు కోపంతో కుక్కాను.

22 జనవరి.

నాయనకు ఇంకా చెప్పలేదు. అరవై మూడేండ్ల మనిషి, గుండె బలహీనంగా ఉందని డాక్టరు అన్నాడు. చెప్పకపోవడమే మంచిది.

24 జనవరి, సోమవారం.

నా భార్య పంకజాక్షి చెప్పేసింది. కవరు నా చొక్కా జేబులో చూసిందట. ఆమెకు కడుపులో మాట నిలవదు.

నాయన చాలాసేపు విని, "మోసేటోడు ఎక్కగూడదమ్మా," అని ఆమెతోనే అన్నాడు. నాతో అనలేదు. "మా తాత కాలం నుంచి ఉండే కట్టు. డోలీ మోసినోడు ఎంత కాళ్లు విరిగినా డోలీ ఎక్కడు. మనల్ని మోసేది ఒక్కసారే. అప్పుడు మనకు తెలీదు."

తరవాత లేచి వెళ్లి బొంగును ఒకసారి తడిమి వచ్చి కూర్చున్నాడు.

నాకు హాయిగా ఉంది. పెద్దాయనకు ఏమైనా అయితే ఎవరు జవాబుదారీ? రాలేమని శకుంతలమ్మ గారికి మర్యాదగా రాసేశాను.

25 జనవరి.

గంటకు నూట యాభై మైళ్లు అనుకుంటే నూట ఎనభైకి గంటా పన్నెండు నిమిషాలు. మిగతా మూడు నిమిషాలు లేవడానికి, దిగడానికి అయి ఉంటాయి. ఊరికే లెక్క.

29 జనవరి, శనివారం.

శకుంతలమ్మ గారు కారులో వచ్చేశారు. మా వీధిలోకి కారు రావడమే వింత, అందులోనుంచి ఆమె దిగడం ఇంకో వింత. దేవకమ్మ పనులన్నీ మాని గుమ్మంలో నిలబడింది. నాయన లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె లోపలికి వస్తూనే వసారాలో బొంగు చూసి, ఇది నా బొంగేనా అని అడిగింది. ఔను అన్నాడు నాయన. ఆమె దాన్ని తాకి కళ్లకద్దుకుంది. నేను దండెం కర్ర అని చెప్పిన ఇద్దరు ముగ్గురు అప్పుడు వీధిలోనే ఉన్నారు.

నాయన కట్టు సంగతి చెప్పాడు. ఆమె వాదించలేదు. నేల మీద కూర్చుంది, అంత మనిషి.

"మునెయ్యా, ఇరవై ఏడు సార్లు పోయినాను. ఒక్కసారి గూడా గోవిందా అనుకుంటా పోలేదు. నీ ఊపిరి వింటా పోయినాను. మోకాళ్ల మెట్టు కాడ నీ ఊపిరి ఆగిపోతాదేమో అని నా ప్రాణం కొట్టుకునేది. పైకి పోయినాక స్వామి ముందర గూడా అదే వినపడేది. ఆ బరువు ఇంకా నా మీదనే ఉండాది. దాన్ని దించుకోకుండా నేను పోలేను."

నాయన తన పాదాల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఎంతసేపో చెప్పలేను, గడియారం చూడలేదు.

"అమ్మ బరువు దించేది ఎప్పుడూ నా పనే గదా," అన్నాడు చివరికి. "అయితే ఎక్కతాను."

ఇరవై ఏడు సార్లు మోశాక ఇది ఇరవై ఎనిమిదోది అన్నట్టు ఒప్పుకున్నాడు. ఆమెకు అది అర్థమైందో లేదో కాని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ మొహం అటు తిప్పుకున్నాను, కాఫీ వేడిగా ఉండింది.

ఆమె వెళ్లిపోయాక నాయన నన్ను పిలిచాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక సంగతి అడగడానికి పిలవడం ఇదే మొదలు.

"ఒరే, అంత పైన నుంచి మన కొండ కనపడతాదా?"

ఎందుకు అన్నాను. రోజూ చూసిందే కదా అన్నాను.

"యాడ సూసినాను? కింద నిలబడితే ముందరి కొండ వెనకదానికి అడ్డం. ఎక్కేటప్పుడు మెట్లు తప్ప ఇంకేం సూస్తాను, కాలు తప్పితే అమ్మ పడిపోదా. ఏడు కొండలని అందరూ అంటారు. ఏడూ ఒకేసారి నేను సూసిందే లేదు. పోయేలోపల ఒక్కసారి సూడాలని ఉండాది."

2 ఫిబ్రవరి, బుధవారం.

పటం, దారం ఇంటికి తెచ్చాను. నాయన ముందు పరిచి చూపించాను. విమానం ఇలా పడమరకు పోతుంది. కొండ ఉత్తరాన, అంటే కుడి చేతి పక్క. దారికీ కొండకూ నలభై మైళ్లు. అంత ఎత్తు నుంచి, ఈ నెలలో మబ్బు ఉండదు కాబట్టి, కనపడి తీరాలి. బయల్దేరిన ఇరవై ఐదో నిమిషం నుంచి ముప్పైయ్యో నిమిషం దాకా. ఐదే నిమిషాలు.

ఐదు నిమిషాలా అన్నాడు నాయన. ఆయనకు నిమిషాలు అందవు. ఆయన కొలత వేరు. బోయీలు మూడు వందల అడుగులకోసారి బొంగు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటారు. ముందున్నవాడు 'మారు' అంటే అందరూ ఒకేసారి మారుస్తారు. అలిపిరి నుంచి కొండకు ఏడు మైళ్లు, నాలుగు గంటలు, నూట ఇరవై మార్పులు. నాయన ఇప్పటికీ నిద్రలో 'మారు' అంటాడు. పంకజాక్షి మొదట్లో హడలిపోయేది.

ఆయన కోసం ఆ కొలతలో లెక్క వేశాను. ఏడు మైళ్లకు నూట ఇరవై అయితే నూట ఎనభైకి మూడు వేల ఎనభై ఐదు మార్పులు. చెబితే నాయన నవ్వలేదు. అన్ని మార్పులు గంటకు కాస్త ఎక్కువలో మోసేది ఎలాంటి భుజమో అన్నాడు. చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాడు. నాకూ ఒళ్లు గగుర్పొడిచింది. నేను ఇంతవరకు దాన్ని మైళ్లలోనే చూశాను.

నాయన రెండు భుజాల మీదా కాయలు కాశాయి, నిమ్మకాయంత. చిన్నప్పుడు తిరుపతి వీధుల్లో పిల్లలందరూ తిరణాళ్లలో వాళ్ల నాయనల భుజాలెక్కి చూసేవాళ్లు. నేను ఎక్కబోతే అమ్మ లాగేసేది. భుజం పుండుగా ఉండాది, దాని జోలికి పోవద్దు అనేది. నన్ను నాయన ఒక్కసారీ ఎక్కించుకోలేదు. నాకు దాని మీద ఏ పట్టింపూ లేదు. ఏదో లెక్క వేస్తుంటే గుర్తొచ్చింది.

11 ఫిబ్రవరి. మద్రాసు.

శకుంతలమ్మ గారి బంధువుల ఇల్లు. కుడి పక్క కిటికీ చోటు ఆమెకు వచ్చిందట, మా ఇద్దరికీ ఎడమ పక్క. ఇరవై ఐదో నిమిషానికి ఆమె లేచి నాయనకు చోటు ఇస్తుంది. నా గడియారం స్టేషన్ గడియారంతో సరిచేశాను. నాకేం భయం లేదు.

12 ఫిబ్రవరి, శనివారం. బెంగుళూరు.

ఈ రోజు సంగతి అంతా రాయాలి.

మీనంబాక్కంలో విమానం నిలబడి ఉంది. మా వీధి మీద చీమంత కనపడేది మా ఇంటికంటే ఎత్తుగా, ఎండలో తెల్లగా మెరుస్తోంది. తోక నేలకు ఆనించి, ముక్కు ఆకాశానికెత్తి. దగ్గరికి పోయేకొద్దీ నా కాళ్లు నెమ్మదించాయి. నాయన మాత్రం ఎప్పటి నడకే నడిచాడు. మెట్ల దగ్గర ఆగి చెప్పులు విడిచి, ఒక పక్కన జతగా పెట్టి, మొదటి మెట్టుకు చేయి తాకించి కళ్లకద్దుకుని ఎక్కేశాడు. అలిపిరిలో ఏండ్ల తరబడి చేసిందే చేశాడు. నేనైనా చెప్పాలి కదా, ఇది ఎక్కిన చోట దిగేది కాదని. నాకూ తట్టలేదు. శకుంతలమ్మ గారూ చూశారు, ఆమెకూ తట్టలేదు. కొండకు పోయేవాళ్లకు చెప్పులు కింద విడవడం తప్పుగా ఎట్లా కనపడుతుంది?

లోపల ఒక అమ్మాయి చెవుల్లోకి దూది, నోట్లోకి పిప్పరమెంటు ఇచ్చింది. నాయన దూది వద్దన్నాడు. మోసేవాళ్ల చప్పుడు వినాలన్నాడు. తరవాత ఆ రొద మొదలైంది. నేల పరుగెత్తింది, ఇంకా పరుగెత్తింది, ఆ పైన పరుగు ఆగిపోయింది. ఆగడం కాదు, కింద నేల లేదు. ఏ కుదుపూ లేకుండా మమ్మల్నందరినీ పైకెత్తారు. ఇంతకాలం పటం మీద దారంగా పట్టుకున్నది ఇది. తాడిచెట్లు, చెరువులు, ఎడ్లబండి ఒకటి, దాని నీడ. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఏడ్చాను. మనుషులు ఈ పని చేయగలిగారా అనిపించింది. నాయన నా మీదుగా కిటికీలోంచి కిందికి చూస్తూ, "ఎవురూ ఆయాసపడేది లేదురా," అన్నాడు. అదొక్కటే అన్నాడు.

పదో నిమిషం దాకా నాకు తెలుసు. తరవాత కుదుపులు మొదలయ్యాయి. ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం సంచీలో వాంతి చేసుకున్నాను, రెండుసార్లు. తల నిలబడలేదు. ఆ తరవాత నాకు తెలిసింది చక్రాలు నేలను తాకిన కుదుపే. కళ్లు తెరిస్తే బెంగుళూరు. లెక్కలు వేసి, గడియారం సరిచేసి, అంతా ఏర్పాటు చేసినవాణ్ణి నిద్రపోయాను.

దిగాక నాయన వట్టి కాళ్లతో అక్కడే నిలబడిపోయాడు. విమానం నడిపినాయన దిగేదాకా కదలనన్నాడు. కొండ పైన డోలీ దించాక, ఎక్కినవాళ్లు మోసినవాళ్ల భుజం తాకి, ఆ తరవాతే గుడికి నడవాలి. అది బోయీల మర్యాద. శకుంతలమ్మ గారు ఏటా చేసేది. కాసేపటికి టోపీ పెట్టుకున్న కుర్రాయన వచ్చాడు, మన భాష కాదు. నాయన ఎదురుగా పోయి, ఆయన భుజం మీద చేయి వేసి కళ్లకద్దుకున్నాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కాని టోపీ తీసి, నాయన చేయి తీసేదాకా అలాగే నిలబడ్డాడు.

కొండ చూశావా అని అడిగాను. నాయన తల ఊపాడు.

13 ఫిబ్రవరి, ఆదివారం. బెంగుళూరు.

పొద్దున నాయన చెప్పులు వచ్చాయి. మద్రాసులో ఎవరో పుణ్యాత్ముడు మెట్ల పక్కన చూసి, తరవాతి విమానంలో పంపాడట. కాగితంలో చుట్టి, దారం కట్టి. నూట ఎనభై మైళ్లు వాటంతట అవే ఆకాశంలో వచ్చాయి. అందరం వాటి చుట్టూ నిలబడి చూశాము. నాయన కూడా వాటిని వెంటనే తొడుక్కోలేకపోయాడు.

ఆ సందడిలోనే శకుంతలమ్మ గారు నాతో అన్నది: "అంతా బాగుండాది గాని, కొండను సూడకపోయె మీ నాయన. నాకు అదొక్కటే కొరత."

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. సరిగ్గా నేను చెప్పిన సమయానికే కొండ కనపడింది. మబ్బు పొర కూడా లేదు. ఏడూ వరసగా, మడతలు మడతలుగా, చివరిదాకా. ఆమె చోటు ఖాళీ చేసి నిలబడి, రా మునెయ్యా, కొండ వచ్చింది అని రెండుసార్లు పిలిచింది. నాయన లేవలేదు. నా తల ఆయన భుజం మీద ఉంది. చేతితో సైగ చేసి, అమ్మా మీరు సూడండి అన్నాడట. అరిస్తే నేను లేస్తానని నోరు కూడా గట్టిగా తెరవలేదట.

అన్నం ముందు కూర్చోలేకపోయాను.

15 ఫిబ్రవరి, మంగళవారం. చిత్తూరు.

నిన్న పగటి బండిలో తిరిగి వచ్చాము. కుప్పం దాటేదాకా ఏమీ అడగలేదు. నాయన కిటికీ దగ్గర కూర్చుని, చెప్పులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

చివరికి అడిగాను. నన్ను ఎందుకు లేపలేదు, కొండ చూశానని ఎందుకు తల ఊపావు అన్నాను. గొంతు పెద్దదైంది, ఎదుటివాళ్లు చూశారు. పోయేలోపల ఒక్కసారి చూడాలన్నది నువ్వే కదా అన్నాను.

"కొండ యాడికి పోతాదిరా," అన్నాడు.

మళ్లీ విమానం ఎప్పుడెక్కుతావు అన్నాను. ఎక్కను అన్నాడు, ఆ అమ్మ బరువు దిగిపోయింది, ఇంకెందుకు అన్నాడు. నేను అడగడం మానేశాక ఆయనే మాట్లాడాడు.

"నిన్ను ఎత్తుకోలేదని మీ అమ్మ పోయేదాంక నన్ను అంటానే ఉండె. ఏం జేసేది, భుజం ఖాళీ ఉంటే గదా. ఆ పొద్దు నువ్వే వచ్చి తల పెట్టినావు. దాన్ని దించి కొండను సూడమంటావా?"

నేను కిటికీ బయటికి చూశాను.

"తిమ్మిరెక్కింది," అన్నాడు ఇంకాసేపటికి. "అయినా మార్చలేదు."

ఈ రోజు బడికి పోయాను. ఆదిమూలం గారు విమానం సంగతులన్నీ అడిగారు. అన్నీ చెప్పాను. మా నాయన ముప్పై ఏండ్లకు పైగా డోలీ మోశాడండీ అని కూడా చెప్పాను. కవరు మీదే ఉంది కదయ్యా, అన్నారాయన.

సాయంత్రం నాయన అరుగు మీద చొక్కా లేకుండా కూర్చుని ఉంటే, నూనె గిన్నె తెచ్చి ఎడమ భుజానికి రాశాను. కాయ గట్టిగా ఉంది, వెచ్చగా ఉంది. ముప్పై నాలుగేండ్లు వచ్చాయి నాకు, దాన్ని చేత్తో తాకడం ఇదే మొదలు.

ఫిబ్రవరి రెండున రాసిన లెక్క తప్పు. మద్రాసు నుంచి బెంగుళూరికి నూట ఎనభై మైళ్లు, గంటా పదిహేను నిమిషాలు, అది సరే. మూడు వేల ఎనభై ఐదు మార్పులన్నది కొట్టేశాను. ఒక్కటీ లేదు.